కట్టినవారికి శిలాఫలకం ఉంది, మరి ఊడ్చేవారికి?



కొంతకాలంగా మన పాస్టరేటులో ఒక ప్రశ్న తిరుగుతోంది. "అయ్యగారూ, ఈ పాత గుడి తీసేసి కొత్తది ఎప్పుడు కడదాం?" హైదరాబాదులో ఉన్నవారూ అడుగుతున్నారు, కువైట్‌లో ఉన్నవారూ అడుగుతున్నారు. స్లాబుకు ఒకరు, గోపురానికి ఒకరు, గ్రానైటు గచ్చుకు ఒకరు ముందుకు వస్తున్నారు. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఇస్తామంటున్నారు. ఇచ్చే ఆ మనసును బట్టి దేవునికి స్తోత్రం. అయితే ఉత్తరం వైపు పగిలిన పెంకులు మార్చడానికి, మూసుకుపోయిన తూము తీయించడానికి ఇంతవరకు ఎవరి జ్ఞాపకార్థమూ కానుక రాలేదు.

ఈ విషయంలో మా అభిప్రాయం దాపరికం లేకుండా చెప్తున్నాం. గుడి కట్టడం ఒక తరం చేసే పని. దాన్ని నిలబెట్టడం ప్రతి తరమూ, ప్రతి వారమూ చేయాల్సిన పని. మొదటి పనికి శిలాఫలకం ఉంటుంది, రెండో పనికి ఉండదు. అందుకే మొదటిదాని మీద మనకు అంత ఆశ, రెండోదాని మీద ఇంత అశ్రద్ధ. ఉన్న గుడిని చూసుకోవడం అలవాటు లేని సంఘానికి కొత్త గుడి ఇచ్చినా కొన్నేళ్ళకు అదీ ఈ స్థితికే వస్తుంది. కాబట్టి ముందు అలవాటు, తర్వాతే కట్టడం.

యోవాషు కాలపు పెట్టె

రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం ఒకసారి తీసి చదవండి. సొలొమోను కట్టిన మందిరానికి అప్పటికే వయసు మీద పడింది. అక్కడక్కడా శిథిలమైంది. యోవాషు రాజు యాజకులను పిలిచి, వచ్చే కానుకలతో మరమ్మతు చేయించండి అన్నాడు. కానుకలు వచ్చాయి, సంవత్సరాలు గడిచాయి. రాజు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా మరమ్మతు మాత్రం జరగలేదు. ఆ యాజకులు దొంగలని వాక్యం చెప్పడం లేదు. పని వారి లెక్కలో చివర్లో ఉండిపోయింది, అంతే. అందరూ చేయాల్సిన పనిని ఎవరూ చేయలేదు.

అప్పుడు యాజకుడైన యెహోయాదా చేసిన పని చాలా చిన్నది. ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు రంధ్రం చేసి, బలిపీఠం పక్కన, లోపలికి వచ్చేవారికి కుడివైపున పెట్టించాడు. ఆ పెట్టెలో డబ్బు ఎక్కువైనప్పుడల్లా రాజు తరఫు మనిషి ఒకరు, ప్రధాన యాజకుడు కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవారు. ఆ సొమ్ము వడ్రంగులకు, తాపీ పనివారికి, రాళ్ళు చెక్కేవారికి చేరేది. మరో మాట కూడా అక్కడ ఉంది. ఆ డబ్బుతో వెండి పాత్రలు గాని, బాకాలు గాని చేయించలేదట. మన భాషలో చెప్పాలంటే, పెంకుల కోసం వచ్చిన డబ్బు సౌండ్ బాక్సులకు పోలేదు.

ఈ అధ్యాయంలో ఆకాశం నుంచి అగ్ని దిగలేదు, సముద్రం పాయలు కాలేదు. ఒక పెట్టె, ఇద్దరి ఎదుట లెక్క, నమ్మకంగా పనిచేసిన కూలీలు. అంతమాత్రానికే పరిశుద్ధాత్మ దేవుడు లేఖనంలో ఇంత చోటిచ్చాడంటే, మరమ్మతు అనేది ఆయన దృష్టిలో చిన్న సంగతి కాదని మా నమ్మకం.

ఇంగ్లాండు పల్లెల్లో ఎలా చూసుకుంటారు?

మన గుడి ఆంగ్లికన్ వారి కాలంలో కట్టింది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మచిలీపట్నంలో దిగినప్పటి నుంచి చర్చి మిషనరీ సొసైటీ, అంటే మన పెద్దలు చెప్పే సి.ఎం.ఎస్., కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో పనిచేసింది. కాబట్టి వారి సొంత దేశంలో, పల్లెటూరి గుళ్ళను వారు ఎలా కాపాడుకుంటున్నారో తెలుసుకోవడం మనకు మంచిది. "వాళ్ళకేం, ప్రభుత్వమే చూసుకుంటుంది" అని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

ఇంగ్లాండు సంఘానికి సుమారు 16,000 దేవాలయాలున్నాయి. వాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా చారిత్రక కట్టడాలుగా నమోదైనవే. కొన్ని ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ నాటివి. పూర్వం ఊరివారందరి దగ్గరా గుడి పన్ను వసూలు చేసేవారు. 1868లో చట్టం చేసి ఆ నిర్బంధం తీసేశారు. అప్పటి నుంచి గుడి కప్పు కారితే ముందుగా చూసుకోవాల్సింది ఆ గుడికి వచ్చే మనుషులే. కొన్ని నిధులు, సహాయాలు దొరుకుతాయి గాని, వాటికోసం తిరగాల్సిందీ వారే. చాలా పల్లెల్లో ఆదివారం ఆరాధనకు వచ్చేది పాతికమందో ముప్పైమందో. అందులోనూ వయసుమళ్ళినవారే ఎక్కువ.

మరి అన్ని వందల ఏళ్ళ గుళ్ళు ఎలా నిలిచాయి? అక్కడ ప్రతి సంఘానికి చర్చి వార్డెన్లు అని మామూలుగా ఇద్దరుంటారు. వీరు జీతగాళ్ళు కారు. ఏటా ఎన్నుకుంటారు. ఆ ఎన్నికలో గుడికి వచ్చేవారే గాక ఆ ఊరి ఓటరు ఎవరైనా పాల్గొనవచ్చు, ఎందుకంటే గుడి ఊరందరిదీ అని వారి పాత లెక్క. గుడిలోని పాత్రలు, బల్లలు, పుస్తకాలు ఈ వార్డెన్ల బాధ్యతలో ఉంటాయి. ఏటా ఒకసారైనా గుడి కప్పు నుంచి పునాది దాకా చూసి, ఏమి చెడింది, ఏమి బాగుచేశాం అని వార్షిక కూటంలో నివేదిక చదవాలి. దానికొక పుస్తకం ఉంటుంది. పదేళ్ళ క్రితం ఏ మూల కారిందో దాంట్లో చూసుకోవచ్చు. ఇదిగాక 1955లో చేసిన ఒక నిబంధన ప్రకారం ప్రతి అయిదేళ్ళకు ఒక నిపుణుడు వచ్చి మొత్తం కట్టడాన్ని పరీక్షించి, వెంటనే చేయాల్సినవి, ఏడాదిలో చేయాల్సినవి, ఆగగలిగినవి అని విడదీసి రాసిస్తాడు. గోడకు రంధ్రం కొట్టాలన్నా, బల్లలు తీయాలన్నా పై అనుమతి కావాలి. పాస్టరు ఇష్టానికో, డబ్బిచ్చినవారి ఇష్టానికో ఏదీ పడగొట్టడానికి వీల్లేదు.

అక్కడా మనలాగే కొత్త మోజు ఒక కాలంలో వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో బాగుచేస్తామని పాత గుళ్ళ గోడల పూతలు గీకేశారు, పాత పనితనం తీసేసి తమకు నచ్చినట్టు మళ్ళీ కట్టారు. అది చూసి 1877లో విలియం మోరిస్ అనే కళాకారుడు, రచయిత పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టాడు. వారి బోధ సారాంశం మన అమ్మమ్మలు ఎప్పుడో చెప్పిందే. రోజూ కాస్త చూసుకుంటే పెద్ద వైద్యం అవసరం పడదు.

సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో జార్జ్ హెర్బర్ట్ అనే పల్లె కాపరి గురించి మేము చదువుకున్నాం. గొప్పింటివాడు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పేరున్న పదవిలో ఉన్నవాడు. అదంతా విడిచి 1630లో బెమెర్టన్ అనే చిన్న ఊరికి కాపరిగా వెళ్ళాడు. మూడేళ్ళకే, నలభై నిండకుండానే, ప్రభువునందు నిద్రించాడు. పల్లె కాపరి ఎలా ఉండాలో అతడు రాసిన పుస్తకం 1652లో అచ్చయింది. అందులో గుడి గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. గోడలకు పూత ఉండాలి, కిటికీలకు అద్దాలుండాలి, గచ్చు బాగుండాలి, కూర్చునే బల్లలు విరగకుండా ఉండాలి, దుమ్మూ బూజూ లేకుండా ఊడ్చి ఉంచాలి అని పని పనిగా చెప్తాడు. ప్రార్థనలో అంత లోతైన మనిషి బూజు గురించి రాశాడంటే, ఆ రెంటినీ అతడు వేరుగా చూడలేదన్నమాట.

గోడకు ఏమవుతుంది?

ఇప్పుడు మన గుడి సంగతికి వద్దాం. పాత గుడిని పడగొట్టేది వయసు అనుకుంటాం. ఎక్కువసార్లు పడగొట్టేది నీళ్ళు. ఒక పెంకు పగులుతుంది. ఆ సందులోంచి దిగిన నీరు టేకు వాసాన్ని తడుపుతుంది. తడిసిన కర్రకు చెద పడుతుంది. తూము ఆకులతో మూసుకుంటే నీరు గోడ మీదుగా దిగుతుంది. కాకి వేసిన రావి గింజ ఆ తేమలో మొలుస్తుంది. రావి మొక్క వేలెడంత ఉన్నప్పుడు సండే స్కూలు పిల్లవాడు కూడా పీకేయగలడు. మూడేళ్ళు వదిలేస్తే దాని వేరు ఇటుకల మధ్య దూరి గోడనే చీలుస్తుంది. అప్పుడు ఇంజనీరును పిలిచి, "ఈ గోడ పనికిరాదు గదా అండీ?" అని అడుగుతాం.

ఇంకొకటి. మన గుడి గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నపు గోడ తేమను పీలుస్తుంది, మళ్ళీ ఎండకు వదిలేస్తుంది. గట్టిగా ఉంటుందని దాని మీద సిమెంటు పూత పూస్తే లోపలి తేమ బయటికి రాలేక ఇటుకను తినేస్తుంది. కొన్నేళ్ళకు ఆ సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడి, తనతోపాటు ఇటుక ముఖాన్ని కూడా ఊడదీస్తుంది. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వెతికి పిలవాలి. కొత్త స్లాబు వేస్తే ఈ బాధలన్నీ పోతాయనీ అనుకోవద్దు. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో స్లాబు లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడటం మీ ఇళ్ళల్లోనే చూస్తున్నారు.

ఎవరి వారసత్వం ఇది?

"అది తెల్లదొరల గుడి, పోతే ఏమైంది?" అని యవ్వనస్థుడొకరు అన్నారు. ఆ ప్రశ్నకు కోప్పడాల్సిన పని లేదు, జవాబు చెప్పాలి.

1859లో రాఘవాపురం పగోలు వెంకయ్య గారు బాప్తిస్మం పొందారు. ఆయన మాలపల్లె మనిషి. ఆయనతో మొదలై ఈ ప్రాంతపు పల్లెల్లోకి సువార్త ఇంటింటికీ పాకింది. ఆ రోజుల్లో మన తాతముత్తాతలను ఊరి గుడిలోకి అడుగు పెట్టనివ్వలేదు, ఊరి బావిలో చేద వేయనివ్వలేదు. తలెత్తుకుని నడిచి లోపలికి వెళ్ళి, తమ పేరు తమ పిల్లల పేర్లు రిజిస్టరులో రాయించుకుని, ఒకే పాత్రలోనిది అందరితోపాటు పుచ్చుకున్న మొదటి కట్టడం చాలా పల్లెల్లో ఇలాంటి గుడే. డబ్బు ఎక్కడి నుంచి వచ్చినా, ఇటుకలు మోసింది ఎవరి తలలు? సున్నం నూరింది ఎవరి చేతులు? ఆ గోడ దొరలది కాదు బాబూ, మీ ముత్తవ్వది.

దోర్నకల్ వెళ్ళినవారు అక్కడి ఎపిఫనీ కెతీడ్రల్ చూసి ఉంటారు. దాని గుమ్మటాలు, స్తంభాలు చూస్తే ఇంగ్లాండు గుడిలా అనిపించదు. ఈ నేలలోంచి లేచినట్టే ఉంటుంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఆ కెతీడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. సంఘం తన కాళ్ళ మీద తాను నిలబడాలని ఆయన జీవితమంతా బోధించారు. కానుకలిచ్చే విషయం మీద ఒక పుస్తకమే రాశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మనకు అందినవి కట్టడాలే కావు, ఈ బోధ కూడా అందింది. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేసిన తల్లుల సంఘం మనది. వారి మనవలం మనం, ఇప్పుడు పెంకుల కోసం విదేశాల వైపు చూస్తున్నాం.

పని చేస్తేనే సంఘం

గుడి బాగుకోసం చేసే పని గుడినే కాదు, మనుషులను కూడా కలుపుతుంది. సమాధుల పండుగకు ముందు అందరూ పారలు, సున్నపు బకెట్లు పట్టుకుని సమాధుల తోటకు వెళ్తాం కదా. ఏడాదిగా మాటలు లేని అన్నదమ్ములు తండ్రి సమాధి దగ్గర ఒకే బకెట్లో కుంచె ముంచడం మేము చూశాం. కోతపండుగ వేలంలో గుమ్మడికాయకు ధర పెంచుతూ నవ్వుకున్నవారు మరుసటి రోజు పొలం గట్టు దగ్గర పోట్లాడుకోవడానికి సిగ్గుపడతారు. ఇంగ్లాండు పల్లెల్లో కూడా పూలు పెట్టే వంతు, గంటలు మోగించే వంతు, ఆరాధన తర్వాత టీ కలిపే వంతు అని ఉంటాయి. ఆ వంతులే అక్కడి ఒంటరి ముసలివారికి వారంలో ఒక రోజు తోడు.

అయితే మన దగ్గర ఒక సంగతి మారాలి. శనివారం గుడి ఊడ్చేది ఎవరు? ఎప్పుడూ ఆ నలుగురైదుగురు ఆడవాళ్ళే. రోజంతా కూలికి వెళ్ళి వచ్చి, నడుము కట్టుకుని ఊడుస్తారు. కమిటీలో కుర్చీలు మాత్రం మగవారివి. నెహెమ్యా 3వ అధ్యాయంలో యెరూషలేము గోడ బాగుచేసినవారి పట్టిక ఉంది. అందులో కంసాలులున్నారు, వర్తకులున్నారు, యాజకులున్నారు, తన కుమార్తెలతో కలిసి పనిచేసిన షల్లూము ఉన్నాడు. పనికి మెడ వంచని తెకోవ ఘనుల సంగతి కూడా అక్కడ రాసి ఉంది. దేవుడు రెండు పట్టికలూ ఉంచాడు. మన పేరు ఏ పట్టికలో ఉండాలో మనమే తేల్చుకోవాలి.

ఎదురయ్యే మాటలు

"దేవుడు చేతులతో కట్టిన ఆలయాల్లో నివసించడు, సంఘమంటే మనుషులే" అని కొందరంటారు. నూటికి నూరుపాళ్ళు సత్యం. పేతురు గారు మనల్ని సజీవమైన రాళ్ళన్నారు. కానీ ఈ మాట పెంకులు మార్చాల్సిన రోజునే గుర్తుకు వచ్చి, గోపురం మీద పేరు చెక్కించేటప్పుడు మరచిపోతే అది వాక్యం కాదు, సాకు.

"జనం పెరిగారు, చోటు చాలడం లేదు" అనే మాటలో న్యాయముంది. పండుగల్లో ఎండలో నిలబడుతున్నారు. దానికి వసారా వేయవచ్చు, రెండో ఆరాధన పెట్టవచ్చు, పక్కన స్థలంలో సంఘ హాలు కట్టవచ్చు. మామూలు ఆదివారం వెనుక బల్లలు ఎన్ని ఖాళీగా ఉంటున్నాయో కూడా లెక్కపెడదాం.

"కూలి ఎవరి మీదైనా పడితే?" ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. తెలిసిన ఇంజనీరు వచ్చి, పరీక్షించి, ప్రమాదమని రాసిస్తే తలుపుకు తాళం వేసేది మొదట మేమే. ప్రాణం కన్నా గోడ ఎక్కువ కాదు. కానీ ఆ మాట పరీక్ష చేసినవారు చెప్పాలి, స్లాబుకు కాంట్రాక్టు కోరేవారు కాదు.

మేము అడుగుతున్నది

ఒకటి, తొలకరికి ముందు ఒకసారి, తుఫానుల కాలం దాటి క్రిస్మస్ రంగులు వేయకముందు ఒకసారి, కమిటీ అంతా గుడి చుట్టూ తిరిగి చూడాలి. నిచ్చెన వేసి పైకి కూడా ఎక్కాలి. చూసింది ఒక పుస్తకంలో రాయాలి.

రెండు, యెహోయాదా పెట్టె మనకూ కావాలి. మరమ్మతు కానుక వేరుగా ఉండాలి, ఇద్దరి ఎదుట లెక్కించాలి, నెలనెలా ఆరాధనలో చదవాలి. ఇంటికి నెలకు 50 రూపాయలైతే 100 ఇళ్ళకు ఏడాదికి 60,000 రూపాయలు. పెంకులకు, సున్నానికి, మేస్త్రీ కూలికి మంచి మొదలు.

మూడు, అయిదేళ్ళకు ఒకసారి తెలిసినవారితో పరీక్ష చేయించాలి. ఆ కాగితం చేతిలో లేకుండా కొత్త కట్టడం మాట ఎత్తకూడదు.

నాలుగు, శనివారం పని వీధుల వంతు కావాలి, మగవారితో సహా. మా వంతు కూడా రాయండి.

అయిదు, దూరాన ఉన్న బిడ్డలారా, నాన్నగారి జ్ఞాపకార్థం ఇవ్వాలనుకుంటే ఒక ఏడాది తూములకు, ఒక ఏడాది కిటికీలకు ఇవ్వండి. శిలాఫలకం ఉండదు. వాన పడిన ఆదివారం నాన్నగారు కూర్చున్న బల్ల తడవకుండా ఉంటుంది. కోతపండుగనాడు ఆ ఏడాది ఊడ్చినవారి పేర్లు, సున్నం వేసినవారి పేర్లు, పెంకు మార్చినవారి పేర్లు బలిపీఠం ముందు ప్రార్థనలో చదువుతాం.

కమిటీ కూటం వచ్చే నెల సంస్కారపు ఆదివారం ఆరాధన తర్వాత ఉంది. ఈ మాటలతో ఒప్పుకోనివారు తప్పక రండి. మీ మాట కూడా వింటాం. ఎవరు ఏమి తేల్చినా, వర్షాలు ఆగవు గనుక ఉత్తరం వైపు తూము మాత్రం ఈ శనివారమే తీద్దాం.

మనకన్నా ముందు ఈ గచ్చు మీద మోకరించినవారిని ఆదరించిన దేవుడు, మన తర్వాత మోకరించబోయేవారి కోసం మన చేతుల పనిని స్థిరపరచును గాక. ఆమేన్.